మాటల లెక్కయు, మన ప్రభువును గూర్చిన సాక్ష్యమును

(శతవార్షికోత్సవ సందర్భమున సంఘ పెద్దల, యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తిచేసికొని దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్న ఈ సమయమున, పరిశుద్ధ గ్రంథమును గూర్చియు నేటి విద్యను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరిరి. అంశము పెద్దది, మాకియ్యబడిన సమయము చిన్నది. గనుక ఒకే ప్రశ్నను తీసికొందుము. ఇది మేము గ్రంథములలో వెదకి తెచ్చిన ప్రశ్న కాదు. మా పాస్టరేటులోని ఒక యౌవనస్థుడు మా యెదుట పెట్టినది.

అతడు మన ఆదివారపు బడిలో పెరిగి, సంఖ్యాశాస్త్రములో ఎమ్మెస్సీ చదివినవాడు. ఒక ఆదివారము ఆరాధన ముగిసి, మేము గుడి వాకిట నిలువబడి అందరిని పలుకరించుచుండగా అతడు వచ్చి ఇట్లడిగెను: "అయ్యగారూ, పౌలు పత్రికల్లోని మాటల్ని కంప్యూటరుతో లెక్కపెట్టి, వాటిలో చాలావరకు పౌలు రాసినవి కావని తేల్చారట. యేసుప్రభువును గురించి మనకు దొరికిన రాతల్లో పౌలువే అన్నిటికంటె పాతవి గదా. అవే ఆయనవి కాకపోతే, ప్రభువు సంగతి మనకు నిజంగా తెలిసినదెంత?"

అతని వెనుక మా సంఘములోని ఒక పెద్ద తల్లి నిలిచియుండిరి. ఆమె భర్త మిషను బడిలో ముప్పది యేండ్లు ఉపాధ్యాయులుగా పనిచేసి ప్రభువునందు నిద్రించిరి. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయము ఏడవ వచనమును ఆ తల్లి ఆయన సమాధి రాతిమీద చెక్కించిరి. ఆమె ఆ ప్రశ్న విని, మా ముఖము వంక చూచిరి. మేము "బాబూ, దాన్ని గురించి తీరికగా మాట్లాడుకుందాము" అంటిమి. ఆమె ఏమియు అనక వెళ్లిపోయిరి.

ప్రియులారా, ముందుగా మేము ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆ ప్రశ్న మాకు క్రొత్తది కాదు. వేదాంత కళాశాలలో క్రొత్త నిబంధన తరగతిలో ఈ సంగతులు చదివితిమి, పరీక్షలో వ్రాసితిమి, మార్కులును పొందితిమి. పట్టము పుచ్చుకొని సేవకు వచ్చునప్పుడు ఆ నోటు పుస్తకములను ట్రంకు పెట్టెలో పెట్టి తాళము వేసితిమి. సంఘము కలవరపడునని అనుకొంటిమి. ఇరువది యేండ్లకు ఆ యౌవనస్థుడు మాచేత ఆ పెట్టె తెరిపించెను. అందులోనిది నేడు మీ యెదుట పెట్టుచున్నాము.

ఈ మాటల లెక్క అనగా ఏమి? ఒకడు వ్రాసిన తీరును బట్టి వ్రాసినవాడెవడో కనుగొనుట. ఇది మనకు తెలియనిది కాదు. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని మన తెలుగు పండితులు శైలిని పట్టుకొనియే వాదించుకొనిరి. సంఘములోను ఇది పాతదే. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక భాష పౌలు భాషవలె లేదని మూడవ శతాబ్దములోనే ఓరిజెన్ చెప్పెను. ప్రకటన గ్రంథపు గ్రీకు భాషయు యోహాను సువార్త గ్రీకు భాషయు ఒక్క చేతివి కావని అదే శతాబ్దములో అలెక్సంద్రియ అధ్యక్షుడైన దియొనీసియస్ చెప్పెను. వారు సంఘమును కూల్చవచ్చినవారు కారు, సంఘమును కాచినవారు.

చెవితో పట్టినదానిని అంకెలతో పట్టవచ్చునని ఆధునిక కాలములో సూచించినవారిలో ఒకడు అగస్టస్ డి మోర్గాన్ అను గణితవేత్త. ఆయన 1806లో మదురైలో జన్మించినవాడు. 1851లో ఒక పాదిరికి వ్రాసిన ఉత్తరములో, ఒక్కొక్క మాటకు సగటున ఎన్ని అక్షరములున్నవో లెక్కించినయెడల హెబ్రీ పత్రిక పౌలుదో కాదో తెలియవచ్చునని ఆయన సూచించెను.

తరువాతి వారు మాటల పొడవును విడిచి చిన్న చిన్న మాటలను పట్టుకొనిరి. పెద్ద మాటలు విషయమును బట్టి మారును. పెండ్లి ప్రసంగములో వచ్చు మాటలు భూస్థాపన ప్రసంగములో రావు. అయితే చిన్న మాటలు అలవాటును బట్టి వచ్చును. మేము ప్రసంగములో ఎన్నిసార్లు "గనుక" అందుమో మా ఆదివారపు బడి పిల్లలు వ్రేళ్లమీద లెక్కపెట్టి నవ్వుకొనుట మేమెరుగుదుము. అంతకుముందున్న అయ్యగారు "కాబట్టి" అనెడివారట. అమెరికాలో 1787, 1788 సంవత్సరములలో వెలువడిన ఫెడరలిస్టు వ్యాసములు మొత్తము 85. వాటిలో పండ్రెండు హామిల్టన్ వ్రాసెనా, మాడిసన్ వ్రాసెనా అని తగవుండెను. మోస్టెల్లర్, వాలెస్ అను ఇద్దరు సంఖ్యాశాస్త్రజ్ఞులు 1964లో వాటిని పరీక్షించిరి. "అపాన్" అను చిన్న ఇంగ్లీషు మాటను హామిల్టన్ వెయ్యి మాటలకు సుమారు మూడుసార్లు వాడును. మాడిసన్ బహు అరుదుగా వాడును. ఇట్టి మాటలెన్నో కలిపి చూచి, ఆ పండ్రెండును మాడిసన్‌వే అని వారు తేల్చిరి. పండితులు చాలామంది దానిని అంగీకరించిరి.

గనుక ఈ విద్య వట్టి మాయ అనుట న్యాయము కాదు. అయితే అది అక్కడ ఎందుకు ఫలించెనో చూడవలెను. తగవు ఇద్దరి మధ్యనే. ఇద్దరును తమవని ఒప్పుకొన్న వ్రాతలు వేలకొలది మాటలుగా చేతిలో నుండెను. భాష ఒకటే, కాలము ఒకటే, విషయము ఒకటే. ఈ గుర్తులను మనస్సున పెట్టుకొని ఇప్పుడు పౌలు పత్రికలకు వత్తము.

1921లో పి. ఎన్. హారిసన్ అను పండితుడు తిమోతికి వ్రాసిన రెండు పత్రికలను, తీతు పత్రికను పరిశీలించి, పౌలు ఇతర పత్రికలలో కనబడని మాటలు వీటిలో మిక్కిలిగా ఉన్నవని చూపెను. తరువాత 1963 నవంబరులో స్కాట్లండు సంఘపు పాదిరియైన ఎ. క్యూ. మోర్టన్, లండను వార్తాపత్రికయైన అబ్జర్వరులో పెద్ద ప్రకటన చేసెను. వాక్యముల పొడవును, "మరియు" అని అర్థమిచ్చు "కాయ్" అను గ్రీకు మాటను కంప్యూటరుతో లెక్కించితిననియు, రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు వ్రాసిన నాలుగు పత్రికలే పౌలువనియు, ఫిలేమోను పత్రిక పరీక్షకు చాలనంత చిన్నదనియు, తక్కినవి ఇతరులవనియు చెప్పెను. మా యౌవనస్థుడు వినినది ఈ ప్రకటన ప్రతిధ్వనియే.

దీనికి జవాబిచ్చినవాడును పాదిరియే. అమెరికాలోని జాన్ ఎల్లిసన్ అంతకుముందే, 1957లో, కంప్యూటరు సహాయముతో ఇంగ్లీషు బైబిలు పదసూచికను కూర్చినవాడు. ఆయన మోర్టన్ పద్ధతినే తీసికొని జేమ్స్ జాయిస్ అను రచయిత 'యులిసెస్' నవలకు పట్టించగా, ఆ ఒక్క నవలను అయిదుగురు వ్రాసినట్లు తేలెను. మోర్టన్ స్వంత వ్యాసములకు పట్టించగా అవికూడ పలువురు వ్రాసినట్లే తేలెను. త్రాసు రాళ్లు తప్పని తెలిసిన తరువాత తూకమును నమ్ముటెట్లు?

1986లో ఆక్స్‌ఫర్డు తత్త్వవేత్తయైన ఆంథొనీ కెన్నీ ఈ పనిని మరల చేసెను. ఒక్క మాటను కాక దాదాపు వంద లక్షణములను లెక్కించి, పండ్రెండు పత్రికలు అసాధారణమైన వైవిధ్యముగల ఒక్క రచయితవి కావనుటకు ఆధారము లేదనియు, తీతు పత్రిక విషయములో మాత్రము సందేహమున్నదనియు ముగించెను. ఇక్కడ ఒక వింత గమనించుడి. పత్రికలు పౌలువి కావని చెప్పినవాడు బోధపీఠమెక్కు పాదిరి. కావచ్చునని చెప్పినవాడు ఒకప్పుడు కతోలిక గురువుగా ఉండి ఆ పనిని విడిచి, దేవుని విషయము తేల్చలేనని చెప్పుకొనినవాడు. ఇద్దరును తమ లెక్క ఎటు నడిపిన అటు నడచిరి. ఆ నిజాయితీని మనము గౌరవింపవలెను.

అయితే మనము కెన్నీ మాటను రాయిగా తీసికొని మోర్టన్‌మీద విసరి, గెలిచితిమని ఇంటికి పోవుట తగదు. మనకు అనుకూలమైన లెక్కను శాస్త్రమనియు, ప్రతికూలమైన లెక్కను శత్రువు పన్నాగమనియు అనువాడు న్యాయమునకు దొంగ త్రాసు పట్టినవాడే. తిమోతి, తీతు పత్రికల భాష రోమా పత్రిక భాషవలె లేదు, ఇది నిజము. సంఘ పరిపాలనను గూర్చి అవి చెప్పు తీరునుబట్టి కూడ అవి పౌలు శిష్యులలో ఒకరివని నేటి పండితులు చాలామంది తలంచుచున్నారు. పౌలువే అను పండితులును కలరు. ఈ తగవు మాటల లెక్క ఒక్కటే తీర్చగలది కాదు. కారణములు మూడు చెప్పెదము.

మొదటిది, వ్రాత చాలదు. రోమా పత్రికలో సుమారు 7,100 గ్రీకు మాటలున్నవి. తీతు పత్రికలో సుమారు 660. ఫిలేమోను పత్రికలో 335. గుప్పెడు గింజలు చూచి కళ్లము కొలత చెప్పలేము.

రెండవది, విషయము మారిన శైలి మారును. కొరింథు సంఘములోని తగవులను తీర్చువాడును, పెంచిన శిష్యునికి బుద్ధి చెప్పువాడును ఒకడే యైనను ఒక్క తీరున వ్రాయడు.

మూడవది, వ్రాయసకాండ్రు. రోమా పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు. పదునారవ అధ్యాయములో అతడు తన వందనము తానే చెప్పుకొనుచున్నాడు. గలతీ పత్రిక చివర పౌలు తన స్వహస్తముతో పెద్ద అక్షరములు వ్రాయుచున్నానని చెప్పుచున్నాడు. అనగా అంతవరకు వ్రాసినది వేరొకరని తలంచవచ్చును. కొన్ని పత్రికల మొదట తిమోతి పేరు పౌలు పేరుతో కలిసియున్నది. మా అమ్మమ్మ అక్షరము ముక్క రాని మనిషి. సైన్యములోనున్న మా మేనమామకు ఆమె ఉత్తరము ఊరి ఉపదేశిగారు వ్రాసిపెట్టెడివారు. ఆమె ఇంటి భాషలో చెప్పునది. ఆయన "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి గ్రంథ భాషలో వ్రాయువారు. ఎవరైన ఆ ఉత్తరములలోని మాటలు లెక్కపెట్టినయెడల అవి ఉపదేశిగారివని తేలును. కాని మా మేనమామ వాటిని తల్లి ఉత్తరములనియే దాచుకొనెను. అది తప్పా?

ఇక మన ప్రభువు మాటకు వత్తము. యౌవనస్థుని అసలు ప్రశ్న అదియే. ప్రభువు తాను ఒక గ్రంథమును వ్రాసి మనకియ్యలేదు. ఆయన దినదినము పలికినది అరామిక్ భాష. "అబ్బా", "తలీతాకుమీ" వంటి కొన్ని మాటలే ఆ భాషలో మనకు మిగిలినవి. తక్కినదంతయు సువార్తికుల గ్రీకు భాషలో వచ్చెను. మన పెద్దల కాలములో దొర ఇంగ్లీషున ప్రసంగింపగా, ప్రక్కన నిలిచి ఒకరు తెలుగున చెప్పుట మీలో కొందరైన వినియుందురు. ఆ తెలుగు మాటలను లెక్కించినయెడల ఎవరి అలవాటు బయటపడును? తర్జుమా చేసినవారిదే గాని దొరది కాదు. అట్లే సువార్తలలోని "కాయ్"లను లెక్కించినయెడల మార్కు చేతివాటము, లూకా చేతివాటము తెలియును. ప్రభువు నోటి మాటలను వేరుచేసి చూపుటకు ఆ లెక్క చాలదు. సువార్తలలో దేనిని చూచి ఏది వ్రాయబడెనో తెలిసికొనుటకు లెక్కలు కొంత సహాయము చేయును. అక్కడికి అది ఆగును.

యూదా చరిత్రకారుడైన జోసీఫసు సుమారు క్రీ.శ. 93లో ముగించిన గ్రంథములో, పదునెనిమిదవ భాగమున, యేసును గూర్చిన ఒక పేరా కలదు. అందులో క్రైస్తవ లేఖకులు చేర్చిన మాటలున్నవని చాలామంది పండితుల అభిప్రాయము. ఏ మాటలు జోసీఫసువి, ఏవి చేర్చినవి అని శైలినిబట్టి వాదములు జరిగినవి. కాని ఆ పేరా అంతయు సుమారు 90 గ్రీకు మాటలే. తొంబది మాటలమీద ఏ అంకెల గోపురమును నిలువదు.

ఇంకొక జాతి లెక్కయు ఈ చర్చలో ప్రవేశించెను. బేయిస్ అను పద్ధతిలో, ఒక సంగతి ఎంతవరకు సంభవమో ముందు మనమే ఒక అంకె వేసికొని, సాక్ష్యము దొరకిన కొలది దానిని సవరింతురు. రిచర్డ్ స్విన్‌బర్న్ అను విశ్వాసియైన తత్త్వవేత్త 2003లో ఈ పద్ధతితో ప్రభువు పునరుత్థానమునకు నూటికి 97 పాళ్లు సంభావ్యత కట్టెను. రిచర్డ్ క్యారియర్ అను నాస్తికుడు 2014లో అదే పద్ధతితో, యేసు అను మనిషి అసలు జీవించియుండుటకే సంభావ్యత మూడింట ఒక వంతుకు మించదని కట్టెను. సూత్రము ఒక్కటే. అందులో పోసిన అంకెలు ఎవరివి వారివి. తిరుగలి ఒకటే యైనను, జొన్నలు పోసినవానికి జొన్నపిండియు, రాగులు పోసినవానికి రాగిపిండియు వచ్చును గదా. కనుక ఎవరైన "లెక్క తేల్చినది" అనినప్పుడు, అందులో ఏమి పోసితివని అడుగుడి. మనవారిని కూడ అడుగుడి.

ఇప్పుడు ఆ యౌవనస్థునికి మేము చివరకు చెప్పిన జవాబు వినుడి. మేమిద్దరము కూర్చుండి ఒక పని చేసితిమి. అందరికంటె కఠినమైన లెక్కను, అనగా 1963 నాటి మోర్టన్ లెక్కనే, తప్పైనను ఒప్పుకొందమనుకొంటిమి. కంప్యూటరు లేని పందొమ్మిదవ శతాబ్దములో జర్మనీ దేశపు పండితుడు బౌర్ మిగిల్చినవియు ఆ నాలుగు పత్రికలే. ఆ నాలుగే మన చేతిలోనున్నవి, తక్కినవి మూసిపెట్టితిమి. ప్రభువును గూర్చి వాటిలో ఏమున్నదని ఒక కాగితముమీద వ్రాయ మొదలుపెట్టితిమి.

ఆయన స్త్రీయందు పుట్టెను, ధర్మశాస్త్రమునకు లోబడినవాడు: గలతీ నాలుగు. శరీరమునుబట్టి దావీదు సంతానము: రోమా ఒకటి. ఆయనకు సహోదరులుండిరి: మొదటి కొరింథీ తొమ్మిది. విడాకులను గూర్చి బోధించెను: అదే పత్రిక ఏడు. అప్పగింపబడిన రాత్రి రొట్టె విరిచెను, పాత్రనిచ్చెను: పదునొకండు. సిలువ వేయబడెను: పుట పుటను. పాతిపెట్టబడెను, మూడవ దినమున లేపబడెను, కేఫాకు, పండ్రెండుగురికి, అయిదువందల మందికి పైగా, యాకోబుకు కనబడెను: పదునైదు. ఇది తాను కల్పించినది కాదనియు, తనకు అప్పగింపబడినదనియు పౌలు అక్కడనే చెప్పుచున్నాడు. గలతీ మొదటి అధ్యాయములో, తాను యెరూషలేమునకు వెళ్లి కేఫాతో పదునైదు దినములు ఉంటిననియు, ప్రభువు సహోదరుడైన యాకోబును చూచితిననియు చెప్పుచున్నాడు. ఆ యాకోబునే జోసీఫసు కూడ తన గ్రంథపు ఇరువదియవ భాగమున పేర్కొనెను.

కాగితము నిండెను. ఆ యౌవనస్థుడు దానిని రెండుసార్లు చదివి, "లెక్క ఎంత గట్టిగా పిండినా ఇవి పోవడం లేదయ్యగారూ" అనెను. మేము "నిజమే. అయితే ఒక మాట. ఇవి పౌలు మాటలని తేలినంత మాత్రాన, ఆయన చెప్పినదంతా జరిగిందని లెక్క నిరూపించినట్టు కాదు. సాక్షి ఎవరో లెక్క చెప్పగలదు. సాక్షిని నమ్ముటయా, మానుటయా అనేది నీదీ నాదీ" అంటిమి.

కాగితము అతనికిచ్చి పంపితిమి. అయినను మా మనస్సు కుదుటపడలేదు. సమాధి రాతిమీది వచనము మోర్టన్ మిగిల్చిన నాలుగింటిలోనిది కాదు గదా. రెండవ తిమోతి పత్రికను కెన్నీ ఉంచెను, మోర్టన్ తీసివేసెను, నేటి పండితులు రెండు పాయలుగా నున్నారు. ఆ తల్లికి ఏమి చెప్పవలెను? చెప్పక ఊరకుంటిమా, వాకిట ఆమె విననే వినిరి. ఒక సాయంకాలము వారి ఇంటికి వెళ్లి, ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. అది పౌలు తానే చెప్పి వ్రాయించినది కావచ్చునని, లేక ఆయనను ఎరిగిన శిష్యుడు ఆయన సాక్ష్యమును ఆయన పేరిట వ్రాసినది కావచ్చునని, ఏదైనను తొలి సంఘము దానిని చేతబట్టుకొని శ్రమలలో నిలిచెనని చెప్పితిమి.

ఆ తల్లి చాలసేపు ఊరకుండిరి. తరువాత ఇట్లనిరి: "అయ్యగారూ, ఆ మాట రాతిమీద చెక్కించింది నేను. దాన్ని నడిచి చూపించింది మా మాస్టారు. మొదట రాసింది ఎవరో మీరు చదువుకున్నవాళ్లు తేల్చుకోండి. నాకు బాధ కలిగింది అందుక్కాదు. ఇంత సంగతి మీకు తెలిసీ ఇన్నేళ్లు మాకెందుకు చెప్పలేదు? మేము తట్టుకోలేమనుకున్నారా?"

ప్రియులారా, ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను. ఇప్పటికిని లేదు. ఆమె విశ్వాసమును కదిలించినది కంప్యూటరు కాదు, మా మౌనము. మేము సంఘమును కాపాడుచున్నామనుకొంటిమి. నిజమునకు మమ్మునే కాపాడుకొంటిమి.

మన సంఘములు మొదటి నూరు సంవత్సరములలో చదువు రానివారికి చదువు నేర్పినవి. మన తాతలు పలక పట్టినది ఈ గ్రంథమును తామే చదువుకొనవలెననియే. చదువు నేర్పిన సంఘము చదువరి ప్రశ్నకు జడియరాదు. గనుక సేవలోనున్న మా తోటివారికి మా మనవి: మీ ట్రంకు పెట్టెలు తెరువుడి. యౌవనస్థులకు మా మనవి: సంఖ్యాశాస్త్రము చదువుడి, వీలైనయెడల గ్రీకును చదువుడి, వినినదానిని పరీక్షింపుడి, మా మాటలను కూడ. తల్లులకు, పెద్దలకు మా మనవి: మేము చెప్పుటకు జంకినప్పుడు, ఆ తల్లివలె మమ్మును అడుగుడి.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు మా పాస్టరేటులో నెలకొకసారి బైబిలు తరగతి నడుపుచున్నాడు. ఆ పెద్ద తల్లి ముందు బల్లమీద కూర్చుందురు. ఆ కాగితమును ఆమె తన బైబిలులో పెట్టుకొనియున్నారు.

నూరు సంవత్సరములు మనలను నడిపించిన దేవుడు రాబోవు దినములలో మనకు సత్యమును ప్రేమించు మనస్సును, దానిని ఒకరితోనొకరు చెప్పుకొను ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.